టాప్ మోడల్‌లో వచ్చే నావిగేషన్‌కి లక్ష పెట్టాలా, ఫోన్ చాలా? మన శ్రీకాకుళం–విజయనగరం రోడ్లకి ఏది పనికొస్తుంది?

డేఅండ్‌నైట్

కొనబోయే బండి రెండు మోడళ్ల మధ్య ఆగింది. ఇంజను ఒకటే, గేరుబాక్సు ఒకటే. పై మోడల్‌లో కంపెనీ నావిగేషన్, పెద్ద తెర, సన్‌రూఫ్. కింది మోడల్‌లో ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే (ఫోన్ యాప్‌లని బండి తెర మీద చూపించేవి) రెండూ ఉన్నాయి గానీ సొంత మ్యాప్ లేదు, ఫోన్ కలుపుకోవాల్సిందే. తేడా దగ్గర దగ్గర లక్ష. సన్‌రూఫ్ సంగతి వదిలేయండి, అడుగుతున్నది నావిగేషన్ గురించే.

తిరుగుడు ఎక్కువగా శ్రీకాకుళం, రాజాం, పాలకొండ, బొబ్బిలి, సాలూరు. నెలకోసారి విశాఖ దాటి రాజమండ్రి వైపు. అప్పుడప్పుడు పర్లాకిమిడి, కోరాపుట్. "ఇన్‌బిల్ట్‌కి నెట్ అక్కర్లేదు సార్, అడవిలో కూడా పనిచేస్తుంది" అన్నది షోరూం మాట. "ఆ మ్యాప్ పాతది, దండగ" అన్నది ఫోన్ వాడేవాళ్ల మాట. రెండింట్లో ఏది నమ్మాలి? కారణంతో చెప్పండి, బ్రాండ్ అభిమానాలు వద్దు.

గంటస్తంభం

ఫోనే. లక్ష మిగుల్చుకోండి.

ఇన్‌బిల్ట్ మ్యాప్ బండి తయారైన రోజుది కూడా కాదు, దానికి చాలా ముందుది. మ్యాప్ కంపెనీ డేటా ఇవ్వాలి, తెర చేసేవాళ్లు అందులోకి ఎక్కించాలి, బండి కంపెనీ పరీక్షించి సరే అనాలి, అప్పుడు మీ చేతికి వస్తుంది. ఈలోపు రోడ్లు ఊరుకుంటాయా? ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి దాదాపు 51 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు పడింది. ఆ రోడ్డు లేని మ్యాప్, శ్రీకాకుళం నుంచి రాజమండ్రి వెళ్లేవాళ్లని మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక అంతా తిప్పి సిటీ సిగ్నళ్లన్నీ లెక్కపెట్టిస్తుంది. దాని మాట వినకుండా కొత్త రోడ్డెక్కారో, తెర మీద బాణం పొలాల్లో ఈదుకుంటూ పోతుంటుంది, నోరు మాత్రం "వీలైన చోట వెనక్కి తిరగండి" అని పోరు పెడుతూనే ఉంటుంది.

రెండోది జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి పోయింది. చాలా ఇన్‌బిల్ట్‌లలో అడ్రసు వెతకాలంటే ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా లేదా పట్టణం, ఆ తర్వాత వీధి అని మెట్లు మెట్లుగా ఎంచుకోవాలి. పాత డేటా ఉన్న తెరలో విజయనగరం నొక్కి రాజాం కోసం ఎంత వెతికినా దొరకదు, శ్రీకాకుళం కింద వెతకాలి. ఫోన్‌లో ఊరి పేరు కొట్టి ఊరుకోవడమే.

సాలూరు_ఘాట్

గంటస్తంభం గారూ, మ్యాప్ పాతదవుతుంది, కాదనను. కానీ సగం తప్పు యంత్రానిది, సగం అప్‌డేట్ చెయ్యని చేతిది. సిమ్ ఉన్న బండ్లకి అప్‌డేట్ దానంతట అదే దిగుతుంది. లేని బండ్లకి పెన్‌డ్రైవ్. పద్ధతి కంపెనీని బట్టి కొంచెం మారుతుంది గానీ ఎక్కువగా ఇలా ఉంటుంది: 32 జీబీ పెన్‌డ్రైవ్‌ని ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసి ముందు బండికి పెట్టాలి. బండి తన గుర్తింపు ఫైలు ఒకటి అందులో రాస్తుంది. దాన్ని లాప్‌టాప్‌కి పెడితే కంపెనీ ప్రోగ్రాం ఆ ఫైలు చదివి సరిపోయే మ్యాప్ దించుతుంది. మళ్లీ బండికి పెట్టి, ఇంజను నడుస్తుండగా ఎక్కించాలి. అరగంట పైనే పట్టొచ్చు. మధ్యలో తాళం తిప్పేస్తే తెర కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయి, ఆ తర్వాత సర్వీస్ సెంటర్ దారే. ఇంజను నడవాలి కాబట్టి ఈ పని ఆరుబయట చెయ్యాలి, మూసిన షెడ్డులో కాదు. ఎస్‌డీ కార్డు మీద నడిచే పాత తెరలైతే ఆ కార్డుని ఫార్మాట్ చెయ్యొద్దు, ఇంకో కార్డులోకి కాపీ చేసి అదీ వాడలేరు. చాలావాటిలో మ్యాప్‌కి ఆ కార్డు నంబరుతోనే తాళం వేసి ఉంటుంది.

ఇక అడవి సంగతి. సీతంపేట, భామిని, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట, సుంకి ఘాట్. ఇటువైపు తిరిగేవాళ్లకి సిగ్నల్ గీతలు ఎక్కడ మాయమవుతాయో వేరే చెప్పాలా? ముందే దారి పెట్టుకుని బయల్దేరితే ఫోన్ ఆ దారి వరకు చూపిస్తుంది. ఒక మలుపు తప్పారా, "మళ్లీ వెతుకుతున్నాం" అని గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఇన్‌బిల్ట్ రెండు సెకన్లలో కొత్త దారి గీస్తుంది, దేశం మొత్తం మ్యాప్ లోపలే ఉంది కాబట్టి. సరిహద్దు దాటి ఒడిశాలోకి పోయినా అంతే.

ఇంకోటి ఫోన్‌వాళ్లు ఎప్పుడూ చెప్పరు. ఇన్‌బిల్ట్ సెట్టింగులు చాలావాటిలో "కచ్చా రోడ్లు వద్దు" అని ఒక మీట ఉంటుంది. గూగుల్ మ్యాప్స్‌లో టోల్ వద్దు, హైవే వద్దు, ఫెర్రీ వద్దు అని చెప్పొచ్చు గానీ మట్టిరోడ్డు వద్దు అని చెప్పే మీట ఏది? మనకి ఫెర్రీలు ఎన్ని, మట్టిరోడ్లు ఎన్ని?

గంటస్తంభం

సాలూరు_ఘాట్ మాస్టారూ, ఆఫ్‌లైన్ మ్యాప్ అని ఒకటుంది. గూగుల్ మ్యాప్స్ తెరిచి, కుడి పక్క పైన మీ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్, సొంతంగా ఎంచుకోండి, చతురస్రాన్ని సాగదీయండి. పైన కోరాపుట్, పర్లాకిమిడి, కుడివైపు ఇచ్ఛాపురం, కింద అనకాపల్లి వచ్చేలా పెట్టుకుంటే మన తిరుగుడంతా అందులోనే. ఒక్కసారి దించుకుంటే నెట్ లేకపోయినా కారు దారి కొత్తగా గీస్తుంది. జీపీఎస్‌కి నెట్‌తో పనే లేదు, శాటిలైట్ సిగ్నల్ ఊరికే వస్తుంది. షోరూంలో ఈ ముక్క చెప్పరు.

నాగావళి_గట్టు

ఆఫ్‌లైన్ మ్యాప్ గురించి గంటస్తంభం గారు చెప్పింది సగమే. మిగతా సగం నేను చెప్తాను.

దించుకున్న మ్యాప్ ఏడాదిలోపు అప్‌డేట్ కాకపోతే పనికిరాకుండా పోతుంది. అది తనంతట తాను అప్‌డేట్ అవుతుంది గానీ, మామూలుగా వైఫై ఉంటేనే. మన ఊళ్లల్లో చాలా ఇళ్లల్లో ఉన్నది ఫోన్ డేటాయే, వైఫై ఎక్కడిది? అంచేత అది ఎప్పటికీ అవదు, సరిగ్గా సీతంపేట ఎక్కాక తెలుస్తుంది. ఆఫ్‌లైన్ మ్యాప్స్ పేజీలోనే పైన సెట్టింగుల చక్రం ఉంటుంది, అందులో "వైఫై మాత్రమే" తీసేసి మొబైల్ డేటాకి పెట్టండి. నెట్ లేనప్పుడు ట్రాఫిక్ రాదు, రెండో దారి చూపించదు, నడక దారి కూడా రాదు. ఇవి తెలిసి వాడితే పర్లేదు.

ఇంకో తప్పు. గూగుల్‌లో టూవీలర్ గుర్తు పెట్టి మర్చిపోవడం. ఇంట్లో ఒకళ్లు అదే ఫోన్‌తో స్కూటీ మీద తిరుగుతారు, గుర్తు అలాగే ఉండిపోతాది. తర్వాత కారులో వాడితే చెరువుగట్టు మీదికి, సందుల్లోకి తోలేస్తాది. "గూగుల్ మోసం చేసింది" అని తిట్టేముందు పైన కారు బొమ్మ నీలంగా ఉందో లేదో చూడాలి. ఇరుకు రోడ్లు తప్పించే ఏర్పాటుని గూగుల్ 2024లో ముందుగా 8 నగరాలకి ఇచ్చింది. ఆ జాబితాలో ఇటు హైదరాబాద్ ఉంది, అటు భువనేశ్వర్ ఉంది. మధ్యలో మనం లేం.

అసలు గొడవ మాత్రం పేర్లతోనే, అది రెండింటికీ ఉంది. ఆమదాలవలస ఒకటి, రేగిడి ఆమదాలవలస ఇంకొకటి. మొదటిది శ్రీకాకుళం జిల్లా, రెండోది ఇప్పుడు విజయనగరం జిల్లా మండలం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అని కొడితే శ్రీకాకుళం పోదు, ఆమదాలవలసే పోతుంది, అది కరెక్టే. తెలీని చుట్టాలు మాత్రం కంగారు పడతారు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరి పేరు కూడా శ్రీకాకుళమే. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు అక్షరాలు కొట్టి మొదటి ఫలితం నొక్కేస్తే దివిసీమ వైపు తేలతారు. విజయనగరాన్ని ఇంగ్లీషులో 'వి-ఐ-జెడ్' అని రాస్తారు, జనం 'వి-ఐ-జె' అని కొడతారు, ఇన్‌బిల్ట్ వాళ్లని కర్ణాటక తీసుకుపోతుంది. ఫోన్ ఒక అక్షరం అటూఇటూ అయినా సర్దుకుంటుంది, ఇన్‌బిల్ట్ సర్దుకోదు. ఇక కొత్తవలసలు, కొత్తపేటలు, కొత్తూరులు ఎన్నున్నాయో లెక్కలేదు.

అందుకని పేరుతో వెళ్లొద్దు, అంకెలతో వెళ్లండి. పంపేవాళ్లని వాట్సాప్‌లో లొకేషన్ పెట్టమనండి. ఇన్‌బిల్ట్‌కి కావాలంటే ఆ పిన్ మీద వేలు నొక్కి పట్టి, వచ్చే అక్షాంశం రేఖాంశం ఎక్కించండి. ఇక్కడే చాలామంది పడిపోతారు. శ్రీకాకుళం డిగ్రీలు–నిమిషాల్లో 18 డిగ్రీల 18 నిమిషాలు, 83 డిగ్రీల 54 నిమిషాలు. దశాంశంలో అయితే 18.30, 83.90. డిగ్రీల గడిలో ఉన్న 18 డిగ్రీల 18 నిమిషాలని చూసి దశాంశం గడిలో 18.18, 83.54 అని కొడితే బాణం నెల్లిమర్లకి తూర్పున ఎక్కడో, శ్రీకాకుళానికి 40 కిలోమీటర్ల అవతల దిగుతాది. నిమిషాలని 60తో భాగించాలి: 18ని 60తో భాగిస్తే 0.30, 54ని భాగిస్తే 0.90. రెండు అంకెలూ తారుమారు చేస్తే మరీ వినోదం, ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలోకి దారి లేదంటాది. దశాంశం తర్వాత అయిదు అంకెలు వరకు ఇస్తే మీటరు దగ్గరికి వస్తుంది, మూడు అంకెలతో ఆపితే వంద మీటర్లు అటూఇటూ. పల్లెలో వంద మీటర్లంటే గెడ్డకి (వాగుకి) అవతలి ఒడ్డు కూడా అవ్వొచ్చు.

సాలూరు_ఘాట్

గెడ్డ అన్నారు కాబట్టి చెప్తున్నా, వానాకాలం ఇద్దరికీ సున్నా మార్కులే. కాజ్‌వే మీద నీళ్లు పారుతున్నాయని ఇన్‌బిల్ట్‌కి తెలియదు, ఫోన్‌కి ఎవరైనా రిపోర్టు చేస్తే తప్ప తెలియదు. ఎండాకాలంలో ఇసుకలో ట్రాక్టర్లు తొక్కిన దారిని చూసి రోడ్డు అనుకోవడం మాత్రం ఫోన్‌కే అలవాటు.

కప్లర్

స్టీరియోలు బిగించే పనిలో ఉన్నవాళ్ల వైపు నుంచి రెండు ముక్కలు. "నావిగేషన్ బాలేదు" అని వచ్చే బండ్లలో సగానికి మ్యాప్ తప్పు ఉండదు. తీగ తప్పు, యాంటెన్నా తప్పు, ఛార్జింగ్ తప్పు.

ముందు ఫోన్ కలిపే పద్ధతి. ఆండ్రాయిడ్ ఆటో పది నిమిషాలకోసారి ఊడిపోతోందంటే తొంభై పాళ్లు కేబులే. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు, ఫోన్ ఛార్జ్ అవుతుంది గానీ తెర మీదకి రాదు. డేటా కేబులైనా 1 మీటరు లోపుది కావాలి, మధ్యలో ఎక్స్‌టెన్షన్లు, హబ్‌లు వద్దు. కేబుల్ మార్చినా ఊడుతుంటే ఫోన్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. జేబు నూలు, రోడ్డు దుమ్ము కలిసి అడుగున గడ్డ కట్టి ఉంటుంది, ప్లగ్ అర మిల్లీమీటరు బయటే ఆగుతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు ఊడుతుంది. ఫోన్ ఆపేసి చెక్క పుల్లతో మెల్లగా తీయాలి, పిన్నీసుతో కాదు. అప్పటికీ రాకపోతే ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగుల్లోకి వెళ్లి బండి పేరు తీసేసి, బండి తెరలో ఫోన్ పేరు తీసేసి, రెండూ మళ్లీ మొదటినుంచి కలపాలి. ఒక వైపే తీసేస్తే లాభం లేదు. తీగ లేకుండా కలిసే బండ్లలో మొదట బ్లూటూత్ పలకరిస్తుంది, ఆ తర్వాత పనంతా 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద నడుస్తుంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ వేసి ఉంచితే ఆ రెండూ కొట్టుకోవచ్చు.

ఛార్జింగ్. బండిలో ఉన్న పాతరకం యూఎస్‌బీ రంధ్రం అర ఆంపియర్ ఇస్తుంది, అంటే రెండున్నర వాట్లు. తెర పూర్తి వెలుగు, జీపీఎస్, డేటా మూడూ నడిచే ఫోన్ సుమారుగా 3 నుంచి 5 వాట్లు తాగుతుంది. కాబట్టి ఛార్జింగ్‌లో పెట్టినా ఇచ్ఛాపురం చేరేసరికి బ్యాటరీ తగ్గే ఉంటుంది. అది ఫోన్ పాతబడిందని కాదు. హోల్డర్‌లో ఫోన్ వాడేవాళ్లు సిగరెట్ లైటర్ సాకెట్‌కి 18 వాట్ల పైన ఇచ్చే ఛార్జరు పెట్టుకోండి.

వేడి. నల్ల డ్యాష్‌బోర్డు, మీద ఏటవాలు అద్దం, మే నెల. ఐఫోన్‌కి కంపెనీ చెప్పిన హద్దు 35 డిగ్రీలు, మనకి బయట నీడలోనే అంతకు మించుతుంది. ముందు వెలుగు తగ్గుతుంది, తర్వాత ఛార్జింగ్ ఆగుతుంది, చివరికి ఫోనే పడుకుంటుంది. అద్దానికి అంటించే హోల్డర్ కంటే ఏసీ గాలి వచ్చే చోట తగిలించే హోల్డర్ మేలు. అది కూడా వేసవిలోనే, హీటర్ వేసేటప్పుడు తీసేయండి. అయస్కాంతం హోల్డర్ వాడితే ఆగి ఉన్నప్పుడు బాణం తప్పు దిక్కు చూపిస్తుంది, లోపలి దిక్సూచి చెడుతుంది కాబట్టి. బండి కదిలి కొంచెం వేగం అందుకుంటే సర్దుకుంటుంది. మొదటి మలుపు మాత్రం బాణాన్ని నమ్మి తిప్పొద్దు.

బయట వేయించే ఆండ్రాయిడ్ స్టీరియోలకి వచ్చే జబ్బులు వేరు. రోజూ తాళం పెట్టిన ప్రతిసారీ కొత్తగా బూట్ అయి, జీపీఎస్ దొరకడానికి నిమిషాలు పడుతోందా? పసుపు తీగ, ఎర్ర తీగ తారుమారు అయ్యాయి, లేదా రెండూ కలిపేసి తాళం కరెంటుకే ఇచ్చేశారు. పసుపు ఎప్పుడూ 12 వోల్టులు ఉండాల్సింది, ఎర్రది తాళం తిప్పితేనే వచ్చేది. పసుపుకి కరెంటు తెగితే స్టీరియో అన్నీ మర్చిపోతుంది. శాటిలైట్ల వివరాలు మొదటినుంచి దించుకోవాలి. ఒక్కో శాటిలైట్ తన దారి వివరాలు 30 సెకన్లకోసారి చెప్తుంది, మొత్తం శాటిలైట్ల పట్టిక కావాలంటే 12 నిమిషాల 30 సెకన్లు. ఫోన్ అదే సమాచారం నెట్ నుంచి క్షణాల్లో తెచ్చుకుంటుంది. అంచేత నెట్ లేని చోటికి పోయేవాళ్లు ఊళ్లో సిగ్నల్ ఉండగానే నావిగేషన్ మొదలుపెట్టుకోవాలి, ఘాట్ ఎక్కాక కాదు.

జీపీఎస్ యాంటెన్నా అంటే నల్ల బిళ్ల, 3 మీటర్ల దాకా తీగతో వస్తుంది. పని తొందరలో దాన్ని స్టీరియో వెనకాలే, ఇనుప పట్టీ కింద కుక్కేస్తారు. అది ఆకాశాన్ని చూడాలి. డ్యాష్‌బోర్డు పై ప్లాస్టిక్ కింద, అద్దానికి దగ్గరగా, అయస్కాంతం ఉన్న ముఖం కిందికి, నున్నటి ముఖం పైకి. అద్దానికి లోహం కలిసిన ఎండ ఫిల్మ్ ఉంటే అక్కడ పెట్టినా సిగ్నల్ నీరసంగానే వస్తుంది.

ఆఖరికి ఒక మాట. ఫోన్ కలిపినా స్థానం బండిదే కావచ్చు. కొన్ని బండ్లు తమ జీపీఎస్, చక్రాల వేగం ఫోన్‌కి అందిస్తాయి, ఫోన్ వాటినే నమ్ముతుంది. అలాంటప్పుడు బండి యాంటెన్నా చెడితే ఆండ్రాయిడ్ ఆటోలో గూగుల్ కూడా పక్క వీధిలో చూపిస్తుంది. కేబుల్ పీకి ఫోన్ ఒక్కదాన్నే చూడండి. ఒంటరిగా సరిగ్గా ఉండి, కలిపితే తప్పుతోందంటే తప్పు బండిది.

డేఅండ్‌నైట్

కప్లర్ గారూ, ఇది ప్రింటు తీసి పెట్టుకోవాలండీ. ఒక సందేహం. ఇన్‌బిల్ట్‌కి చక్రాల వేగం, గైరో (బండి మళ్లడాన్ని పట్టే సెన్సర్) ఉంటాయి కాబట్టి సిగ్నల్ పోయినా నడుస్తుందని సేల్స్ కుర్రాడు గొప్పగా చెప్పాడు. అది మనకి ఎంత లాభం?

సాలూరు_ఘాట్

నిజమే చెప్పాడు. సొరంగంలో శాటిలైట్ పోతే చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయి, బండి ఎటు మళ్లింది అని లెక్కేసుకుని బాణాన్ని నడిపిస్తుంది.

గంటస్తంభం

అన్నయ్యా, కొత్తవలస–కిరండూల్ రైలు లైనుకి 58 సొరంగాలు ఉన్నాయి. ఇచ్ఛాపురం నుంచి ఆనందపురం దాకా 16వ నంబరు హైవే మీద ఒక్కటి చూపించండి.

సాలూరు_ఘాట్

సొరంగం ఒక్కటేనా? హైవే, సర్వీసు రోడ్డు పక్కపక్కన ఉన్న చోట చూడండి. ఆకాశం తేటగా ఉన్నా ఫోన్ స్థానం అయిదు మీటర్లు అటూఇటూ ఊగుతుంది. రెండు రోడ్ల మధ్య ఉన్నదే ఏడెనిమిది మీటర్లు. సింగుపురం, నరసన్నపేట దగ్గర ఫోన్ సర్వీసు రోడ్డులో ఉన్నారనుకుని ముందుకి వెళ్లిపొమ్మంటుంది, మీరేమో పైన ఉంటారు, దిగాల్సిన చోటు దాటిపోతుంది. గైరో ఉన్న ఇన్‌బిల్ట్ కొంచెం పక్కకి దిగడాన్ని కూడా పట్టుకుంటుంది.

కప్లర్

పట్టుకుంటుంది, ఆ రెండు రోడ్లూ దాని మ్యాప్‌లో ఉంటే. లేకపోతే దగ్గరున్న పాత రోడ్డు మీదకి లాక్కుని అతికించేస్తుంది. ఫ్లైఓవర్ పైనా కిందా అయితే ఇద్దరూ తడబడతారు, పైనుంచి చూస్తే రెండూ ఒకే చోటు కదా. ఇంకోటి, టైరు సైజు మార్చినా, బ్యాటరీ తీసి పెట్టినా ఆ చక్రాల లెక్క కొంత చెడుతుంది. తేట ఆకాశం కింద కొన్ని కిలోమీటర్లు నడిపితే చాలా యూనిట్లు తిరిగి నేర్చుకుంటాయి.

సెక్షన్184

చర్చ మంచిగా ఉంది గానీ ఫోన్ చేత్తో పట్టుకుని చూసేవాళ్లకి ఒక గుర్తు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 21వ రూలు ప్రకారం, 2020 అక్టోబరు 1 నుంచి, నడిపేటప్పుడు చేతి ఫోన్ వాడకం దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ నడిపేవాళ్ల ధ్యాస చెదరకుండా. అంటే హోల్డర్‌లో ఉన్న మ్యాప్‌తో ఇబ్బంది లేదు. ఒళ్లో పెట్టుకుని ఊరి పేరు కొట్టడం వేరే కథ, చట్టంలో మొదటిసారికి 1000 నుంచి 5000 దాకా ఉంది. ఇన్‌బిల్ట్ తెర మీద టైపు చెయ్యడం ఏమైనా పుణ్యమా అంటే అదీ కాదు, అందుకే కొన్ని బండ్లు కదులుతుండగా కీబోర్డు మూసేస్తాయి. జనం దాన్నే "నావిగేషన్ హ్యాంగ్ అయింది" అంటారు.

పాత_గార్మిన్

విడిగా దొరికే నావిగేషన్ పరికరం మాట ఎవరూ ఎత్తలేదు. మూడో దారి అది. ఎండలో కనబడే మెరుపు లేని తెర, ఫోన్ రాదు, మెసేజ్ రాదు, మ్యాప్ మొత్తం లోపలే. ఏజెన్సీలో తిరిగే సర్వే బండ్లకీ, లారీలకీ ఇప్పటికీ మంచిదే. ఒక చిక్కు చెప్పి ఊరుకుంటాను: దానికి మామూలు యూఎస్‌బీ కేబుల్ పెట్టి బండి డేటా రంధ్రానికి కలిపితే కంప్యూటరుకి కలిపారనుకుని మ్యాప్ మూసేసి కంప్యూటర్ బొమ్మ చూపిస్తుంది. దానితో వచ్చిన సిగరెట్ లైటర్ తీగే వాడాలి, అందులో ఉన్న చిన్న రెసిస్టరే "ఇది బండి కరెంటు" అని దానికి చెప్తుంది.

గంటస్తంభం

ఉన్న ఫోన్ వదిలేసి ఇంకో డబ్బా కొని, దానికీ ఏడాదికోసారి మ్యాప్ ఎక్కించాలా? పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి సొరుగులో లేని ఇల్లుందా? అందులో ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి పూర్తి ఆఫ్‌లైన్ యాప్ వేసుకుంటే అదే పని, సిమ్ కూడా అక్కర్లేదు.

నాగావళి_గట్టు

సరే గానీ దాంట్లో మన వైపు ఇంటి నంబర్లు, దుకాణాల పేర్లు వెతికితే చాలావరకు దొరకవు. ఎక్కువగా ఊరూ రోడ్డూ వరకే. మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపుల్స్ యాప్ కూడా చూసుకోండి, చాలా దేశీ బండ్ల ఇన్‌బిల్ట్‌లో ఉన్నది ఆ కంపెనీ మ్యాపే, ఫోన్‌లో ఉచితం. ఒక్కో చోటుకి ఆరు అక్షరాల కోడ్ ఇస్తారు. చుట్టాలకి "కళ్లం పక్కన రావిచెట్టు దగ్గర కుడి చెయ్యికి" అని చెప్పే బదులు ఆ ఆరు అక్షరాలు చాలు.

డేఅండ్‌నైట్

నావిక్ (మన దేశం సొంత జీపీఎస్ లాంటిది) ఉన్న ఫోన్ తీసుకుంటే ఇవన్నీ తీరతాయా?

కప్లర్

మన శాటిలైట్లు చేరితే స్థానం కొంచెం గట్టిపడుతుంది, ముఖ్యంగా ఎల్5 అనే శాటిలైట్ సిగ్నల్ తీసుకునే ఫోన్‌లో. కానీ ఈ పేజీలో వచ్చిన గొడవల్లో స్థానం గొడవలు ఎన్ని? సర్వీసు రోడ్డు ఒకటి, యాంటెన్నా ఒకటి. మిగతావి మ్యాప్‌లో రోడ్డు లేకపోవడం, పేరు దొరక్కపోవడం, కేబుల్ ఊడటం. శాటిలైట్ ఎంత కచ్చితంగా చెప్పినా మ్యాప్‌లో రోడ్డు లేకపోతే మీరు పొలంలో ఉన్నట్టే.

సాలూరు_ఘాట్

ఇంత చెప్పాక నా మాట కొంచెం తగ్గిస్తాను. కోరాపుట్ వైపు వారానికి రెండుసార్లు వెళ్లేవాళ్లయితే పై మోడల్ తీసుకోమనేవాణ్ని. అప్పుడప్పుడే అంటున్నారు కాబట్టి కింది మోడల్, ఆఫ్‌లైన్ మ్యాప్ చాలు. పై మోడలే తీసుకుంటే మాత్రం సంతకం పెట్టే ముందు మూడు అడగండి. మ్యాప్ అప్‌డేట్ ఎన్నేళ్లు ఉచితం? సిమ్ ఉంటే దాని చందా ఎప్పుడు మొదలవుతుంది, కట్టకపోతే ఏవి ఆగుతాయి? మామూలుగా ట్రాఫిక్ ఆగుతుంది, మ్యాప్ ఉంటుంది, అయినా రాతలో తీసుకోండి. మూడోది, షోరూం బండి తెరలోనే ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి రోడ్డు ఉందో లేదో కళ్లతో చూడండి. విజయనగరం కింద రాజాం వస్తోందో లేదో కొట్టి చూడండి.

గంటస్తంభం

ఈ పరీక్ష బాగుంది. ఒప్పుకున్నాను. కచ్చా రోడ్ల మీట విషయంలో కూడా ఆయన మాటే ఒప్పుకుంటా.

డేఅండ్‌నైట్

కింది మోడల్ వైపే మొగ్గు. ఆదివారం టెస్ట్ డ్రైవ్ ఉంది, నాతవలస దాకా పోయి రావచ్చన్నారు. ఫోన్ కలిపి చూస్తాను.

కప్లర్

షోరూం వాళ్లిచ్చే కేబుల్‌తో చూడకండి. మీ కేబుల్ తీసుకెళ్లండి, మీటరు లోపుది. టోల్ దగ్గర సర్వీసు రోడ్డులోకి దిగి, మళ్లీ హైవే ఎక్కి, బాణం ఎక్కడుందో అప్పుడు చూడండి. ఒకసారి కేబుల్ పీకి కూడా.